గజేంద్రుని పూర్వజన్మ

తల్లి కడుపున సగము నెలలు గడచిన పిమ్మట శిశువు చుట్టునుండు ఉమ్మనీరు చాలవరకు ఆ శిశువు విసర్జించిన మూత్రమే. ఆ నీటిని లోనికి తీసికొనుచు, వెలికి విడుచుచు ఊపిరితిత్తులు ఎదుగును. అయితే మూత్రపిండములందలి సన్నని నాళికలు పుట్టుకకు ముందే ఉబ్బి, లెక్కకందని సూక్ష్మమైన నీటితిత్తులుగా మారు వ్యాధి యొకటి కలదు. ఇంచుమించు ఇరువదివేల జననములలో ఒకరికి వచ్చునందురు. మూత్రపిండములు పెరిగి ఉదరము నిండును, ఉమ్మనీరు తరుగును, ఊపిరితిత్తులు ఎదుగక నిలిచిపోవును. చెడినవి మూత్రపిండములైనను, అట్టి పసికందు ఊపిరి చాలక ప్రాణము విడుచుట కలదు. బ్రతికిన బిడ్డలను రక్తపుపోటు, కాలేయపు గట్టిదనము, పలువురిని కొంతకాలమునకు డయాలిసిస్ కూడ వెన్నంటును.

వరంగల్లు ఆసుపత్రి వసారాలో, స్కానింగు గది వెలుపల, "కిడ్నీలు పెద్దగున్నయట, ఉమ్మనీరు తక్కువున్నదట" అని విన్న అత్తగారి నోట మొదట వెలువడు మాట "ఏ జన్మల ఏం పాపం చేసినమో బిడ్డా" అన్నదే. ఆ మాటలో ప్రేమయే కలదు, సందేహము లేదు. కాని నాలుగునాళ్లు గడచుసరికి ఆ పాపము కోడలి నెత్తికెక్కును. గ్రహణమునాడు కత్తిపీట ముట్టినదని యొకరు, పుట్టినింటి వంశదోషమని యొకరు లెక్కలు తీయుదురు.

నిజమునకు ఈ వ్యాధికి మూలమగు జన్యువు ఆరవ క్రోమోజోము మీద నున్నది, అది 2002లో కనుగొనబడినది. ఆ జన్యువు యొక్క చెడిన నకలు తండ్రియందొకటి, తల్లియందొకటి యున్నను ఇరువురును ఈ వ్యాధి లేనివారే. ఆ రెండును ఒకే శిశువునకు సంక్రమించినపుడే వ్యాధి పుట్టును. అట్లు జరుగుటకు ప్రతి కాన్పునందును నాలుగింట నొకపాలు అవకాశము. మేనరికములలో అట్టి దంపతులు జతపడుట సులభము గనుక, ఆ యాచారము నింకను పాటించు కుటుంబములు దీనిని తెలిసికొనుట మంచిది. బీజమున ఏ అవయవమునకు చెందిన భాగము చెడునో శిశువున ఆ అవయవమే వికృతి నొందునని చరకసంహిత శారీరస్థానము ఏనాడో చెప్పియున్నది.

అయినను "నా బిడ్డకే యేల?" అను ప్రశ్న జన్యువుతో తీరునది కాదు. ఒకనికి సుఖమును, మరియొకనికి దుఃఖమును పంచు ఈశ్వరుడు పక్షపాతియు, నిర్దయుడును కాడా యన్న ఆక్షేపణను బాదరాయణుడు బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయమున తానే యెత్తి, జీవుల కర్మము ననుసరించియే ఈశ్వరుడు ఫలమిచ్చునని బదులు చెప్పెను. ఆ సమాధానము ఈశ్వరుని నిందనుండి కాపాడుటకు చెప్పినది. దానిని తెచ్చి బాలింతను నిందించుటకు వాడుట అన్యాయమని నా దృఢవిశ్వాసము. పైగా కర్మసిద్ధాంతము నక్షరాల నమ్మువారికిని ఎవరి కర్మము వారిదే కదా. తల్లి పాపమును బిడ్డ శరీరమున వెదకుట ఏ న్యాయము?

వరంగల్లునకు చేరువనున్న బమ్మెరవాడని మనము చెప్పుకొను పోతన ఆంధ్రీకరించిన గజేంద్రకథను ఈ దృష్టితో మరల చదువవలెను. గజేంద్రునకు పూర్వజన్మ కలదు. అతడు ఇంద్రద్యుమ్నుడను రాజు, అగస్త్యుని శాపమున ఏనుగైనవాడు. ఆ ఏనుగును పట్టిన మొసలియు శాపగ్రస్తుడైన గంధర్వుడే. కాని ఆ వృత్తాంతములన్నియు కథలో ఎప్పుడు వచ్చును? చక్రము మొసలిని తునిమిన పిమ్మట. ఏనుగు మడుగులో మొరపెట్టుచుండగా శ్రీహరి శాపకారణము విచారింపలేదు, లక్ష్మికైన చెప్పలేదు, ఉన్నవాడున్నట్లే పరుగెత్తినాడు. సర్వజ్ఞునకే అక్కరలేని ఆ విచారణ గట్టున నిలిచిన మనకేల?

నేడు మనకు తగిన పరుగు, పుట్టిన బిడ్డను వెంటిలేటరున్న చోటికి చేర్చుట, పెరిగిన బిడ్డకు మూత్రపిండము దొరకునట్లు చూచుట. పరీక్షలలో తగునని తేలినచో తల్లియో తండ్రియో తమది ఈయవచ్చును. లేనిచో ప్రభుత్వ అవయవదాన పథకమగు జీవన్‌దాన్ జాబితాలో పేరు వ్రాయించవచ్చును. మరుసటి కాన్పునకు శాంతులు చేయించువారు చేయింతురు గాక, దానితోపాటు జన్యుపరీక్షయు చేయింపవలెను. బిడ్డ దక్కని యింట ఆ తల్లి తానై ఎన్నడైన పూర్వజన్మమాట యెత్తినచో పెద్దలు ప్రక్కన కూర్చుండి వినవచ్చును. ఆమె యెత్తనంతవరకు ఇంకెవరికిని దానిని పలుకు నధికారము లేదు.