మట్టి, దేవుడు, లారీ

వినాయకుడు ఇంట్లో చేసిన బొమ్మ. నలుగు పెట్టుకుంటూ పార్వతీదేవి ఆ నలుగుపిండినే ముద్ద చేసి, పిల్లవాడి రూపమిచ్చి, ప్రాణం పోసి గుమ్మంలో కాపలా పెట్టిందని వ్రతకథలో ఏటా చదువుకుంటాం. దానికోసం ఆవిడ బజారుకు వెళ్ళలేదు, చేతికి ఏది అందితే దాంతోనే చేసింది. బళ్ళో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని గనుక, చిన్నపిల్లల చేత ఇంట్లో ఏదైనా చేయిద్దామనుకునే తల్లులు ఎక్కడ మొదలుపెట్టాలని నన్ను అడుగుతుంటారు. అమ్మవారు మొదలుపెట్టిన చోటే మొదలుపెట్టమంటాను. నానిన మట్టో, కలిపిన పిండో చాలు. రంగుల డబ్బాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అయితే ఆ ముద్ద చేతిలోకి తీసుకున్నాక పిల్లలు వట్టి బొమ్మతో ఆగరు. మా మనవరాలికి ఎనిమిదేళ్ళు. మొన్నటి చవితికి మణికొండలో మా అమ్మాయి ఫ్లాట్‌లో కూర్చుని చెవులు అతికిస్తూ అడిగింది: "అమ్మమ్మా, ఈయన్ని నేను చేశాను కదా, మరి నన్ను ఈయన ఎప్పుడు చేశాడు?"

ముందు ఆ బొమ్మ ఎలా తయారైందో చెప్పాలి. తెనాలిలో కుండలు చేసే ఆయన దగ్గర బంకమన్ను తీసుకుని గోనెసంచిలో వేసుకెళ్ళాను. రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే రాళ్ళూ వేళ్ళూ ఏరేసి, చపాతీ పిండిలాగా వేళ్ళకు అంటుకోనంత వరకూ పిసికాం. హాల్లో పాత చీర పరిచి, పిల్లకో పీట, నాలుగేళ్ళ వాళ్ళ తమ్ముడికో పీట వేశాను. వినాయకుడికి మూడు ఆకారాలు వస్తే చాలు: ఉండ, పాము, బిళ్ళ. పెద్ద ఉండ బొజ్జ, చిన్న ఉండ తల, పాము తొండమూ కాళ్ళూ చేతులూ, రెండు బిళ్ళలు చెవులు. నాలుగేళ్ళవాడికి ఉండ ఒక్కటే వస్తుంది. వాణ్ణి ఉండ్రాళ్ళ శాఖకు అధికారిని చేశాం.

తొండం ఊరికే అద్దితే ఎండాక ఊడి పడుతుంది. అతికే రెండు చోట్లా అగ్గిపుల్లతో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, పల్చటి మట్టినీళ్ళు రాసి, అప్పుడు నొక్కాలి. ఎండలో పెడితే బీటలు వారుతుంది, నీడన ఆరనివ్వాలి. కళ్ళకు మా చిన్నప్పుడు గురిగింజలు పెట్టేవాళ్ళం. అందమే గాని అవి విషపు గింజలు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో మిరియాలు మేలు.

ఇక పిల్ల అడిగిన ప్రశ్న. మనం చేసిన బొమ్మకు మనమే మొక్కడమేమిటన్నది పెద్దలు ఎప్పటినుంచో వేసిన ప్రశ్నే. రాళ్ళకు మొక్కేవాళ్ళను వేమన ఎంత ఎద్దేవా చేశాడో తెలుగు చెప్పినదాన్ని, నాకు తెలియదా? వేమనతో నాకు పేచీ లేదు. కానీ కొన్న విగ్రహం ముందే ఆయన వెక్కిరింత బాగా తగులుతుందని నాకనిపిస్తుంది. ఎవరో చేసి, రంగులు వేసి, బండి మీద పెట్టి అమ్మిన దాని ముందు రెండు విధాల పొరబడొచ్చు. ఆ బొమ్మే దేవుడనుకోవచ్చు, బొమ్మేగా అని కొట్టి పారేయనూ వచ్చు. తన చేత్తో చేసిన పిల్లకు ఆ రెండూ కష్టమే. గోళ్ళలో ఇంకా మట్టి ఉంది గనుక అది మట్టేనని దానికి తెలుసు. ఆ మట్టికే మర్నాడు వాళ్ళ నాన్న ప్రాణప్రతిష్ఠ చేసి, 21 రకాల పత్రితో పూజ చేస్తుంటే చేతులు జోడించి నిలబడింది. పత్రి వేసేటప్పుడు తొండం కదలకుండా నెమ్మదిగా వెయ్యమని నాన్నను హెచ్చరించింది కూడా.

ఛాందోగ్యోపనిషత్తులో మట్టితోనే చెప్పిన మాట ఒకటుంది. శ్వేతకేతువు 12 ఏళ్ళు గురుకులంలో చదివి, 24 ఏళ్ళ వయసులో అన్నీ తెలిసినవాడిలా ఇంటికొస్తాడు. తండ్రి ఉద్దాలకుడు, ఏది తెలిస్తే అన్నీ తెలుస్తాయో అది అడిగి తెలుసుకున్నావా అంటాడు. ఒక్క మట్టిముద్దను తెలుసుకుంటే మట్టితో చేసినవన్నీ తెలిసినట్టే, ఆకారాలూ పేర్లూ వేరైనా ఉన్నది మట్టే అని నచ్చచెబుతాడు. నా మనవరాలికి నేను చెప్పింది దానికి పిల్లల పాఠం: "నువ్వు చేసింది ఆకారం. మట్టిని నువ్వు చెయ్యలేదుగా? ఆ మట్టి ఎవరిదో ఆయనే నిన్నూ చేశాడు." అది కాసేపు ఆలోచించి, మట్టి తెనాలిలో కుండలు చేసే తాతదని తేల్చింది. సరే, మొదటి పాఠానికి అది చాలు.

మరి దేవుడికి ఇదంతా చెయ్యాల్సిన అవసరమేమిటి? బ్రహ్మసూత్రాలు ఒక్క ముక్కలో ఆట అనేశాయి. శంకరులు భాష్యంలో రెండు ఉదాహరణలిచ్చారు: కోరికలన్నీ తీరిన రాజు ఊరికే వినోదంగా ఆడుకోవడం ఒకటి, మనం ఊపిరి తీయడం ఇంకొకటి. మా చిన్నాడు ఉండలు చేస్తుంటే ఆ సూత్రానికి వాడే వ్యాఖ్యానమనిపించింది. చేస్తాడు, అరచేత్తో అప్పచ్చి చేస్తాడు, మళ్ళీ ఉండ చేస్తాడు. ఏదీ దాచుకోడు, దేనికీ ఏడవడు.

కానీ పూర్తిగా అవసరం లేని ఆట అందామంటే ఒక చిక్కుంది. ప్రతి ఉండకూ "చూడమ్మమ్మా" అంటాడు. నేను వంటింట్లోకి వెళితే ఉండలు ఆగిపోతాయి. బృహదారణ్యకంలో సృష్టికి ముందున్నవాడికి ఒంటరిగా సంతోషం లేకపోయిందనీ, రెండోవాణ్ణి కోరుకున్నాడనీ ఉంది. బ్రహ్మసూత్రం కంటే నాకు ఈ మాట మీద గురి ఎక్కువ. ఆడేవాడికి చూసేవాడు కావాలి. పెద్దవాళ్ళం చెయ్యవలసింది ఆ చూడటమే, మనం చెయ్యనిదీ అదే. చూడమంటే సరిదిద్దుతాం. తొండం వంకరగా ఉందని మన చెయ్యి పెట్టామా, ఆ క్షణం నుంచి అది మన బొమ్మ. పిల్లలు ఆ మాట పైకి అనరు, పీట మీంచి లేచిపోతారు. ఫోన్‌లో ఫొటోలు తీయడం కూడా చూడటం కిందికి రాదని మా అమ్మాయికి చెప్పి చూశాను.

మూడోనాడు ఉద్వాసన చెప్పాం. వాళ్ళ నాన్న మంత్రం చదివి బొమ్మను కొంచెం కదిపాడు. బాల్కనీలో బకెట్టు నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు మొదలైంది మనవరాలి ఏడుపు. ఓవెన్‌లో పెట్టి కాలిస్తే ఉంచుకోవచ్చు కదా అంది, ఏదో వీడియోలో చూసిందట. వంటింటి ఓవెన్ వేడికి మట్టి నిజంగా కాలదు, కుమ్మరి ఆవం కావాలి. ఒకవేళ కాలిందే అనుకో, కాలిన మట్టి మళ్ళీ నీళ్ళలో కరగదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో వచ్చిన గొడవా అదే. జిప్సంను వేడి చేసి నీరు పోగొట్టిన పొడి అది, నీళ్ళు తగిలితే గట్టిపడుతుంది. చెరువులో వేసినా కాళ్ళూ చేతులూ అలాగే తేలుతుంటాయి. చెరువుకు చేసే చెరుపు గురించి అందరూ రాస్తున్నారు. నాకు దానితోపాటు శాస్త్రపు అభ్యంతరమూ ఉంది. వెళ్ళిరమ్మని మంత్రం చెప్పాక వెళ్ళడం చేతకాని ఒంటిని దేవుడికి ఇవ్వకూడదు. ఖైరతాబాద్‌లో 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన పూజ ఎంతో ఎత్తుకు పెరిగి, 2022లో మట్టి విగ్రహానికి వచ్చింది. ఒక్క అడుగువాడు బకెట్టులో పట్టేవాడు.

మనవరాలికి ఈ ఉపన్యాసం ఇవ్వలేదు. బకెట్టు పక్కన కూర్చోబెట్టాను. ముందు చెవుల అంచులు మెత్తబడ్డాయి, సన్నటి బుడగలు వచ్చాయి, తొండం అతుకు దగ్గర కాకుండా మధ్యలో విరిగింది. "అతుకు ఊడలేదు అమ్మమ్మా!" అంది ఏడుపు మధ్యలోనే, గర్వంగా.

పేచీ మర్నాడు వచ్చింది. పైన నీళ్ళు వంచేసి తులసికుండీలో పోశాం. అడుగున దిగిన మట్టిని చిన్నాడు లారీ చేసుకుంటానన్నాడు. మావారు ససేమిరా అన్నారు.

"పూజ చేసిన మట్టితో లారీ ఏమిటే, అపచారం కాదూ?"

"ఉద్వాసన చెప్పామా లేదా? చెప్పాక కూడా ఇంకా దేవుడేనంటే ఆ మంత్రం మీద మీకే నమ్మకం లేనట్టు" అన్నాను.

ఆయన దినపత్రిక అడ్డం పెట్టుకున్నారు. చిన్నాడు లారీ చేశాడు. నాలుగు బిళ్ళలు చక్రాలు, ఒక ఉండ డ్రైవరు.

దసరా సెలవులకు పిల్లలు తెనాలి వచ్చారు, లారీ కూడా బూట్ల డబ్బాలో వచ్చింది. ఆయుధపూజనాడు మావారు స్కూటరు కడిగి, బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెడుతుంటే చిన్నాడు లారీ తెచ్చి స్కూటరు పక్కన నిలబెట్టాడు. ఆయన ఒకసారి నావైపు చూసి, కుంకుమ భరిణెలో వేలు ముంచి, దానికీ బొట్టు పెట్టారు.

"లారీకి పూజ తగునా అండీ?" అన్నాను ఊరుకోలేక.

"వాడు అడిగాడు, చేశాను. నీ ఉపనిషత్తు నన్నడక్కు" అన్నారు.