మేనల్లునికి లేఖ

హబ్సిగూడ.



నాయనా! నీ కంపెనీవారు నిన్ను పనినుండి తొలగించిరన్న సంగతి నీ నోట గాక పరుల నోట వినవలసి వచ్చినందుకు నేను నొచ్చుకొనుట లేదు. కాని నీవు యథాపూర్వముగా ప్రొద్దున్నే సంచి భుజమునకు తగిలించుకొని, హబ్సిగూడలో మెట్రో ఎక్కి, రాయదుర్గము పోవలసినవాడవు మరుసటి స్టేషనైన తార్నాకలోనే దిగి, ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల ఎదుట పోటీ పరీక్షలకు చదువుకొను పిల్లల నడుమ చెట్లనీడను ప్రొద్దుపుచ్చి, ఆఫీసు విడుచు వేళకు ఇల్లు చేరుచున్నావని విన్నది మొదలు నా మనస్సు స్థిమితముగా లేదు.

ఉద్యోగము పురుషలక్షణమను నానుడి మన ఇండ్లలో ఎంత లోతుగా పాతుకొనినదనగా, జీతము ఆగినవాడు ఏదో దొంగతనము చేసి దొరకినవానివలె భార్యనుండి, తల్లినుండి మొగము తప్పించుకొని తిరుగును. ఆ నానుడిని నేనెన్నడును మెచ్చలేదు. అమెరికాలోని యజమాని కాగితముపై ఒక గీత గీసినందున రాయదుర్గములో నీ కుర్చీ పోయినచో, అందు నీ శీలమునకు గాని, నీ విద్యకు గాని తగిలిన దెబ్బ యేమున్నది?

ఈ నగరమునకు ఇది క్రొత్త కాదు. 1942లో స్థాపితమై, బస్సుబాడీలు, రిఫ్రిజిరేటర్లు, చేతిగడియారములు చేసి, ఇంటింటి పేరైన హైదరాబాదు ఆల్విన్ కడకు మూతపడినది. సోవియట్ సహకారముతో బాలానగరములో వెలసిన ఐడీపీఎల్ మందుల కర్మాగారము నడిపిన సంస్థ 1992లో రోగగ్రస్త పరిశ్రమగా ప్రకటితమయ్యెను. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు లెక్కలలోని మోసమును తానే లేఖాముఖమున ఒప్పుకొన్ననాడు, ఏ పాపము ఎరుగని దాదాపు 50 వేలమంది ఉద్యోగులు వచ్చే నెల జీతము వచ్చునో రాదోయని తల్లడిల్లిరి. ఆ ఏప్రిల్‌లోనే టెక్ మహీంద్రా ఆ సంస్థను చేపట్టుటచే చాలమంది నిలద్రొక్కుకొనిరి.

ఇందు నేను గమనించిన విశేష మొకటి కలదు. వారికి దాచుకొను అవకాశమే లేకపోయెను. పత్రికలన్నియు వ్రాసినవి, ఊరంతయు ఎరిగినది. కావున పొరుగువాడు పలుకరించెను, పాత మిత్రుడు ఫోను చేసెను, బంధువు తన ఆఫీసులో ఒక మాట వేసెను. నీ కష్టము ఒంటరి కష్టమగుటకు కారణము, అది నీవొక్కడవే ఎరిగిన కష్టమగుటయే. నీకు పని కావలెనని తెలియనివాడు నీకు పని ఎట్లు చూపును?

ఐడీపీఎల్ సంగతియే చూడుము. అక్కడ చేయి తిరిగిన రసాయనజ్ఞులెందరో బయటికి వచ్చి ఈ నగరమున మందుల పరిశ్రమకు పునాదులైరి. కల్లం అంజిరెడ్డిగారు అక్కడ పనిచేసి వచ్చినవారే, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిరి. మన తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థకు సంచాలకులుగానుండిన ఏ.వి. రామారావుగారు 1995లో, అరువదియేండ్ల ప్రాయమున, పదవీవిరమణ చేసి, అవ్రా ప్రయోగశాలను ప్రారంభించిరి. అది మనకు కూతవేటు దూరమున నాచారములో నున్నది. అందరును అట్టివారు కాలేరు, కానక్కరయు లేదు. నేర్చినది కుర్చీతో పోదని చూపుటకే వారిని పేర్కొంటిని. నీవు ఆరేండ్లు చేసిన క్లినికల్ డేటా పని ఈ మందుల ఊరిలో అక్కరకు రానిది కాదు.

ఇక కాగితముల మాట. రిలీవింగ్ లెటరు, అనుభవపత్రము చేతికి వచ్చువరకు వదలకుము. స్వయముగా రాజీనామా చేసినట్లు వ్రాసియిమ్మని తొందరపెట్టినచో, ఎరిగినవారికి చూపక సంతకము పెట్టకుము. అయిదేండ్లు నిండినవానికి ఏడాదికి 15 దినముల వేతనము చొప్పున గ్రాట్యుటీ రావలెను. అది నీ హక్కు, వారి దయ కాదు. పీఎఫ్ సొమ్మును కడపటి ఆధారముగా ఉంచుకొనుము. ఇంటి ఋణపు కిస్తు తప్పక మునుపే బ్యాంకువారిని కలిసి మాటాడుము. తప్పిన పిమ్మట వారు మాటాడు తీరు వేరు.

అంతకన్న ముఖ్యమైన దొకటి: ఒకటవ తేదిని ఇంటిలో జీతము వచ్చినట్లు కనబరచుటకు క్రెడిట్ కార్డుపై డబ్బు తీయుచున్నావేమో యని నా భయము. నూటికి ఏడాదికి నలుబదికి పైగా కూడ వడ్డీ పడగల ఆ అప్పు, ఉద్యోగము పోయినదానికన్న పెద్ద ఆపద. అట్లే అమీరుపేట వైపు లక్షలు పుచ్చుకొని బ్యాక్‌డోర్ ఉద్యోగము ఇప్పింతుమనువారు, లేని అనుభవమునకు పత్రములు పుట్టింతుమనువారు నిన్ను వెదకికొని వత్తురు. డబ్బడుగువాడు ఉద్యోగమిచ్చువాడు కాడు. పీఎఫ్ ఖాతాలో నీవెక్కడెక్కడ ఎంతకాలము పనిచేసితివో నమోదై యుండగా దొంగపత్రము ఎన్నాళ్ళు నిలుచును?

మీ అమ్మతో, అనగా నా చెల్లెలితో, నేనింకను ఏమియు చెప్పలేదు; అది నీవు చెప్పవలసిన మాట. మొదట నీ భార్యకు చెప్పుము. ఆమె కోపించినచో, ఉద్యోగము పోయినందుకు గాక ఇన్నాళ్ళు దాచినందుకే కోపించును; ఆ కోపము న్యాయమైనది, నోరు మెదపక పడుము. ఆ పిమ్మట ఆదివారము కాగితములన్నియు తీసికొని ఇద్దరును మా యింటికి భోజనమునకు రండు. నాచారములో నాకు తెలిసినవారు ఇద్దరున్నారు. వారితో నీ మాట ఎత్తుటకు నీవు ఇంటిలో చెప్పితివన్న కబురు నాకు అందవలెను.