కనబడని కొలత

లేవీయకాండము 19వ అధ్యాయములో రెండు ఆజ్ఞలు కలవు. గ్రుడ్డివాని దారికి అడ్డము పెట్టరాదని 14వ వచనము. కొలతలోను తూనికలోను అన్యాయము చేయరాదని 35, 36 వచనములు. మొదటిదానిని దయను గూర్చిన ప్రసంగములకును, రెండవదానిని వర్తకులకు బుద్ధి చెప్పుటకును వాడుకొని, మనము వీటిని వేరుచేసి చూచుచున్నాము. అయితే ఈ రెండును ఒక్క బల్లమీదనే కలిసికొను వృత్తి యొకటి కలదు. అది కండ్లజోళ్ళు చేసి యిచ్చువాని వృత్తి.

చదువరులు దీనిని కంటివైద్యముతో కలిపివేయకూడదు. డాక్టరు కన్ను చూచి చీటీ వ్రాయును. ఆ చీటీ ప్రకారము అద్దములు తెప్పించి, ఫ్రేము ఆకారమునకు కోసి, అంచులు అరగదీసి, బిగించి, మనిషి ముక్కుకును చెవులకును సరిపెట్టువాడు వేరు. బ్రిటనులో 1958 నాటి చట్టము మొదలుకొని ఇట్టివారి పేర్లు నమోదు చేయు సభ కలదు. ఒకరి పర్యవేక్షణ క్రింద పనిచేసి, పరీక్షలు నెగ్గినవారికే ఆ పేరు. మన దేశములో కన్ను పరీక్షించు పనివారిని 2021 నాటి చట్టము లెక్కలోనికి తెచ్చినది గాని, అద్దములు బిగించువాడు మాత్రము ఎక్కువగా అంగడిలో నిలువబడియే పని నేర్చుకొనుచున్నాడు.

అమరాపురమునుండి మడకశిర మీదుగా హిందూపురము పోయి అట్లు నేర్చుకొను చిన్నవాడొకడు మా సంఘములో ఉన్నాడు. మొదటి నెలలు ఊడ్చుట, తుడుచుట, టీ తెచ్చుట. తరువాత అద్దమును చేతబట్టి, దానిగుండ ఎదుటి గీతను చూచుచు అటునిటు కదుపమందురు. గీత అద్దముతో కూడ కదలినయెడల మైనసు, ఎదురు కదలినయెడల ప్లసు. పవరు చెప్పు యంత్రము ప్రక్కనే ఉన్నను, మంచి పనివాడు శిష్యునికి ముందు ఇది నేర్పును. ఆపైని రెండు కంటిపాపల నడిమి దూరము కొలుచుట. పెద్దవారిలో అది సుమారు 63 మిల్లీమీటర్లు. అయితే ఒకనికి 56 ఉండవచ్చును, మరియొకనికి 70 ఉండవచ్చును. అద్దము నడిమి బిందువు పాప యెదుట నిలువనియెడల కన్ను ప్రక్కకు లాగబడును; పవరు ఎక్కువైనకొలది ఆ లాగుడు ఎక్కువ. సిలిండరు పవరు గల అద్దమైతే దానిని ఏ కోణమున నిలిపితిమన్నదే ముఖ్యము. పది డిగ్రీలు తప్పినచో ప్రయోజనములో మూడవ వంతు పోవును. ముప్పది తప్పినచో ఆ అద్దము ఉండియు లేనిదే.

బియ్యము తక్కువైనదని అనుమానము కలిగిన స్త్రీ మరియొక అంగడిలో తూచి చూచుకొనును. గుడ్డను మూరవేసి చూచుకొనవచ్చును. ఈ మిల్లీమీటరులను, ఈ డిగ్రీలను కొనువాడెట్లు కొలుచుకొనును? చూపు సరిగా లేకనే గదా అతడు వచ్చినది. తలనొప్పి వచ్చినయెడల తన కన్నే చెడ్డదనుకొనును.

ఆ చిన్నవాని తల్లి ఒక ఆదివారము ఆరాధన తరువాత నిలిచి అడిగిన సంగతి ఇదే. కోణము తప్పి కోసిన అద్దము ఒకటి అంగడిలో బిగింపబడెను. మరల తెప్పించినచో నష్టమని యజమాని దానినే అప్పగింపజేసి, గిరాకి వచ్చి గొణిగినచో "అలవాటవుతుంది" అని చెప్పుమని పిల్లవానితో చెప్పెనట. "అయ్యగారూ, మావాడు ఓనరు మాట వినాల్నా, మీరు గుడిలో చెప్పే మాట వినాల్నా?" అని ఆమె అడిగెను. ఆమె మాటలో కోపము లేదు, భయమున్నది. వానిని ఆ పనిలో పెట్టుటకు ఆమె ఎంత తిరిగినదో ఊరంతయు ఎరుగును.

"అలవాటవుతుంది" అను మాట పూర్తిగా అబద్ధమైనయెడల ఈ ప్రశ్నకు జవాబు తేలికయే. కాని అది అనేకసారులు నిజము. క్రొత్త జోడు పెట్టుకొన్నవానికి నాలుగు దినములు నేల వాలినట్లు తోచును, తరువాత సర్దుకొనును. నిజాయితీగల పనివాడును ఆ మాటయే చెప్పును. నిజముగా పలుకబడు మాట వెనుక తప్పు దాగికొన్నప్పుడు బయటివాడు దానిని పట్టలేడు. లోపలివానికి మాత్రమే తెలియును. అద్దమును కొలిచి చూచి "అలవాటవుతుంది" అనువాడొకడు, కొలువకుండ, లేక కొలిచియు దాచి, అదే మాట అనువాడొకడు.

పిల్లవాడు ఆ అంగడి విడిచి రావలెనని కొందరందురు. జీతము నిలిచిపోనివారు ఇట్టి సలహా సులువుగా ఇత్తురు. వాడు నేర్చుకొనువాడే గనుక తప్పు యజమానిదే యని మరికొందరు. ఇది నాకు సమ్మతము కాదు. అద్దము కోసిన చేయి ఇతరునిదైనను, ఆ మాట పలుకు నోరు వానిదే. పౌలు ఎఫెసీయులకు వ్రాయుచు దాసులు యజమానులకు లోబడవలెనన్నాడు, నిజమే. అయితే ఆ చోటనే, కంటికి కనబడుటకు మాత్రమే చేయు పనిని త్రోసివేసి, యజమానులకును పైన ఒక యజమానుడున్నాడని జ్ఞాపకము చేసినాడు. కాబట్టి నేను ఆ తల్లితో చెప్పినది ఇంతే: వాడు ఊడ్చుటలో, మోయుటలో, ఆలస్యముగా ఇంటికి వచ్చుటలో యజమానికి లోబడవచ్చును. ఆ ఒక్క మాట మాత్రము వాని నోట రాకూడదు. గిరాకి రాకముందే వాడు ప్రతి జోడును మరల కొలిచి, తప్పున్నయెడల యజమానికి మెల్లగా చూపవలెను. పనిలో నుండి తీసివేసినయెడల అప్పుడు చూచుకొందుము. తీసివేయడని నేను హామీ ఇయ్యలేదు.

ఇది మన ఊరి చిక్కు మాత్రమే కాదు. కండ్లజోడు ఇటలీలో 1286 ప్రాంతమున పుట్టినది. మొదట చేసినవాడు ఆ విద్యను ఎవరికిని చెప్పలేదనియు, పీసా పట్టణపు సన్యాసి అలెస్సాండ్రో డెల్లా స్పీనా, చూచి తానే చేసి, అందరికిని సంతోషముగా నేర్పెననియు ఆ మఠపు వృత్తాంతములో ఉన్నది. ఆయన 1313లో మరణించెను. లండను కండ్లజోళ్ళ పనివారి సంఘమునకు 1629లో రాజశాసనము వచ్చెను. ఆ సంఘపువారు 1671లో నాసిరకపు జోళ్ళను పట్టుకొని లండన్ స్టోన్ అను రాతిమీద పెట్టి బహిరంగముగా పగులగొట్టించిరి. కొనువాడు కొలువలేడు గనుక, అతని పక్షమున కొలుచువారు ఉండవలెనని వారెరిగిరి. మడకశిరకును హిందూపురమునకును అట్టి రాయి లేదు. అంగడిలో ఆ పిల్లవాని చేతనున్న కొలబద్దయే ఉన్నది.

దానిమీద ఏమి ఆధారపడియున్నదో ధర్మవరము నేతగాండ్రను చూచినచో తెలియును. నలుబదేండ్లు దాటగానే చత్వారము వచ్చును. తెగిన పట్టుపోగు కనబడదు. అచ్చులో సందు కనబడదు. చేతిలో నైపుణ్యమున్నను మగ్గము ఆగిపోవును. అస్సాము తేయాకు తోటలలో నలుబదేండ్లు నిండిన కూలీలకు దగ్గర చూపు జోళ్ళు ఇచ్చినప్పుడు, జోడు లేనివారికంటె వారి కోత ఇంచుమించు 22 శాతము హెచ్చెనని 2018లో ప్రచురింపబడిన పరిశోధన తెలుపుచున్నది. పోగు నేయువానికిని, మల్బరీ తోటలవారి యిండ్లలో పురుగులను కాచువానికిని ఇది కూటి సంగతి. ప్రభుత్వము 2019 అక్టోబరు 10న అనంతపురములోనే కంటి వెలుగు కార్యక్రమము ఆరంభించి, పిల్లలతో మొదలుపెట్టెను. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, పల్లెటూరి యువజనులకు ఒక సంవత్సరము శిక్షణయిచ్చి, వారిని పల్లెలలోని చిన్న కంటి కేంద్రములలో నిలుపుచున్నది. మన పిల్లలు అట్టి దారిని కూడ విచారింపదగును. అయినను, ఎవరు ఇచ్చిన జోడైనను కాడ వంగినప్పుడు, ముక్కుమీద జారినప్పుడు, మనిషి పోవునది దగ్గరి అంగడికే.

మార్కు 8వ అధ్యాయములో బేత్సయిదా గ్రుడ్డివాని వృత్తాంతము చదువునప్పుడు నాకు ఒక సంగతి వింతగా తోచును. ప్రభువు వానిమీద చేతులుంచి, ఏమైన కనబడుచున్నదా యని వానినే అడిగెను. ఎదుటనున్నవాడు ఎవరో వానికి తెలియును. మర్యాదకు అంతయు బాగుగానున్నదని చెప్పియుండవచ్చును. వాడు మనుష్యులు చెట్లవలె నడచుచున్నారని ఉన్నదున్నట్లు చెప్పెను. ప్రభువు నొచ్చుకొనలేదు. రెండవసారి చేతులుంచెను.

మన పల్లెలవారు అంగడిలో "బాగుంది సార్" అని లేచిపోవుదురు. అయ్యవారి యెదుట లేదనుట వారికి చేతకాదు. అడుగుటలో నేర్పు కావలెను. అమరాపురము పిల్లవానికి తెలుగును కన్నడమును రెండును వచ్చును, సరిహద్దున పుట్టుటవలన కలిగిన మేలు. అవతలి సిరా ప్రక్కనుండి వచ్చిన ముసలమ్మను వాడు "కాణుత్తా అవ్వా?" అని ఆమె మాటలోనే అడుగవచ్చును. అక్షరముల పలకకంటె, ఆమె చేతికి ఒక సూదియు దారమును ఇచ్చి, దారము ఎక్కువరకు కుర్చీ వేసి కూర్చుండబెట్టుట మేలు.