కీరదోస మీద పడ్డ నింద

పోయిన మంగళవారం మధ్యాహ్నం ఏం తిన్నారు? పప్పో సాంబారో గుర్తుకొస్తుందేమో. పైన కొత్తిమీర చల్లారా అంటే మాత్రం చెప్పలేం.

2011 మేలో ఉత్తర జర్మనీ ఆసుపత్రుల్లో నెత్తుటి విరేచనాలతో చేరినవాళ్లని అధికారులు అడిగింది ఇలాంటి ప్రశ్నే. ఈ.కోలైలో ఒక అరుదైన రకం వందలమంది కిడ్నీలని దెబ్బతీస్తోంది. ఏ తిండిలోంచి వస్తోందో తెలీదు. జవాబుల్ని బట్టి మే 25న పచ్చి టమాటా, కీర, లెట్యూస్ తినొద్దని హెచ్చరించారు. మర్నాడు హాంబర్గ్ ఆరోగ్యమంత్రి ఏకంగా స్పెయిన్ కీరదోస పేరు చెప్పేసింది. మార్కెట్లో తీసిన కాయల మీద ఈ.కోలై దొరికిన మాట నిజమే. కానీ రోగుల్లో ఉన్న రకం అది కాదని మే 31కి తేలింది. ఆలోపే స్పెయిన్ కూరగాయల్ని కొనేవాళ్లు లేకుండా పోయారు. రైతులు పంటని పారబోసుకున్నారు.

అసలు దోషిని పట్టించింది జ్ఞాపకం కాదు. రెస్టారెంట్లో కలిసి తిన్న బృందాల్ని వెతికి, వాళ్ల బిల్లులూ ఫొటోలూ చూసి, ఏ వంటకంలో ఏమేం వేశారో వంటవాళ్లనే అడిగారు. సలాడ్ మీద చిటికెడు వేసే మొలకలు బయటపడ్డాయి. జూన్ 10న ఆ సంగతి ప్రకటించారు. వాటి మూలం ఈజిప్టు నుంచి వచ్చిన మెంతులని తర్వాతి దర్యాప్తు తేల్చింది. మన పోపులపెట్టెలో ఉండేవే. పోపులో మాడితే సరే, మొలకెత్తించే తడీ వెచ్చదనం మాత్రం క్రిములకీ ఇష్టమే. చిత్రమేంటంటే, పరీక్షించిన మెంతుల్లో ఆ క్రిమి దొరకనే లేదు. క్రిమి దొరికిన కీర నిర్దోషి, దొరకని మెంతులు దోషి.

మరి ఆ మంత్రిది తప్పా? మనుషులు చనిపోతుంటే రుజువు దొరికేదాకా నోరు మూసుకోమని నేననలేను. చివరికి 50 మందికి పైగా పోయారు. కానీ మే 25 మాటకీ 26 మాటకీ తేడా ఉంది. మొదటిది జాగ్రత్త, రెండోది నింద. జాగ్రత్త అనుమానంతోనే చెప్పొచ్చు. నిందకి ఆ వెసులుబాటు లేదు. పైగా తప్పు పేరు చెబితే దెబ్బ రెండువైపులా. కీర మానేసి, మొలకలు ధీమాగా తిన్నవాళ్లూ ఉండే ఉంటారు కదా.

తర్వాత యూరోపియన్ యూనియన్ రైతులకి 20 కోట్ల యూరోలకి పైగా పరిహారం ఇచ్చింది. నాకది దానంలా అనిపించదు, బాకీ తీర్చడమే. అందరి క్షేమం కోసం తొందరపడి మాట్లాడితే, ఆ తొందర ఖరీదు ఒక్క రైతు మీదే పడకూడదు.

మన హాస్టళ్లలో పిల్లలకి వాంతులయ్యాయన్న వార్త వస్తే, మనమూ ముందు వెతికేది వంటమనిషి పేరే. నీళ్లెక్కడివి, బియ్యం ఎక్కడివి, వండి ఎంతసేపైంది అన్న ప్రశ్నలు తర్వాతెప్పుడో. పేరు దొరికితే మనసు కుదుటపడుతుంది. కారణం మాత్రం వంటగదిలోనే ఉండిపోతుంది, రేపటి అన్నం కోసం.