మేం ఏం చదవాలి?

కాలేజీలో చేరిన మొదటిరోజు అందర్నీ అడిగే ప్రశ్న ఒకటే: "ఏ గ్రూపు?" మాకు ఇంకొకటి అదనం. ఎమ్మే తెలుగు అనగానే "అదేంటి, ఉర్దూ తీసుకోకపోయావా?" అంటారు. అడిగేవాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ. చాలామంది ప్రేమగానే అడుగుతారు. తిట్టినవాడితో పోట్లాడొచ్చు. ఆశ్చర్యపోయినవాడితో ఏమని పోట్లాడతాం?

మాలో దూదేకుల ఇళ్లున్నాయి. అక్కడ అమ్మ జోల తెలుగు, నాయిన తిట్టు తెలుగు, దర్గా దగ్గర మొక్కు తెలుగు. ఆ ఇంటి పిల్లవాణ్ణి ఉర్దూవాళ్లు 'నువ్వేం ముస్లిమువిరా' అంటారు. తెలుగువాళ్లు 'తెలుగు బాగా మాట్లాడుతున్నావే' అని మెచ్చుకుంటారు. తల్లిపాలు బాగా తాగావని ఎవరన్నా మెచ్చుకుంటారా?

క్లాసులో చెప్పిన చరిత్రలోనే జవాబుంది. అచ్చతెలుగులో వచ్చిన తొలి కావ్యం 'యయాతి చరిత్ర'. 16వ శతాబ్దంలో పొన్నికంటి తెలగన దాన్ని అంకితమిచ్చింది అమీన్‌ఖాన్‌కి. పిఠాపురం ఉమర్ అలీషా (1885-1945) తెలుగులో పద్యాలు రాశాడు, నాటకాలు రాశాడు. ఈ పేర్లు పరీక్షలో రెండు మార్కులకు పనికొస్తాయి. హాస్టల్ గదిలో మా పక్కన నిలబడటానికి మాత్రం రావు.

రెండోవైపూ చెప్పుకోవాలి. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పెద్ద చదువులు ఉర్దూలో చెప్పారు. ఇంగ్లీషును పక్కనబెట్టి దేశభాషలో చెప్పటం గొప్ప పనే. కానీ ఊళ్లనించి వచ్చిన తెలుగు పిల్లలకు అది ఇంటిభాష కాదు. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థుల్ని వెళ్లగొట్టారు. 'ఇక్కడ నీకు చోటు లేదు' అన్నమాట ఆనాడు మాలాంటి పేర్లున్న ఏలికల నోటినుంచే వచ్చింది. ఆ ఏలికలకూ మా తాతలకూ పొత్తు లేదు. మా తాతలు దూది ఏకి బతికారు. అయినా దాన్ని అన్యాయమని మేం అనలేకపోతే ఇవాళ్టి మా ఫిర్యాదుకు బలముండదు.

పరిశోధనలో చేరితే ఇంకో చిక్కు. "మీవాళ్ల మీద చెయ్యవయ్యా, బాగుంటుంది" అంటారు గైడు. మాలో ఒకతనికి వసుచరిత్ర శ్లేషలంటే పిచ్చి. ఆ ఇష్టానికి అతను సంజాయిషీ చెప్పుకోవాలి. పక్కసీటు కుర్రాడు చెప్పుకోనక్కర్లేదు.

మా గురించి మేం రాయకపోతే ఎవరు రాస్తారు? ఈ ప్రశ్ననుంచి తప్పించుకోలేం. అయితే ఇది ఒక్కడి నెత్తినే ఎందుకు పడుతోంది? పేరున్న కాలేజీల్లో డిగ్రీలో 25 మందికి ఒకరు, పీజీలో 50 మందికి ఒకరే ముస్లిం అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. యాభైమందిలో ఒక్కడైనవాడు మనిషిగా మిగలడు, నమూనా అయిపోతాడు. తలాక్ గురించీ, పాకిస్తాన్ గురించీ అతన్నే అడుగుతారు. పదిమందిమి ఉంటే ఇద్దరు మా కథ రాస్తారు, ఒకడు శ్లేషలు విప్పుకుంటాడు, ఒకడు నక్షత్రాలు లెక్కబెట్టుకుంటాడు. మిగతా తొమ్మండుగురు లేకపోవటం ఆ ఒక్కడి తప్పా? ఇష్టపడి ఎత్తుకుంటే అది బాధ్యత. ఇంకొకరు నెత్తిన పెడితే మోత. మా కథ రాసినవాణ్ణి 'ఇంకేం చేతకాక రాశాడు' అనకూడదు. రాయనివాణ్ణి ద్రోహి అనకూడదు.

ఇంత వాదించి సెలవులకు ఇంటికి పోతాం. చెల్లెలు ఇంటర్ పాసయింది. బోటనీ చదువుతానంటుంది. "ఇంక చాల్లే, సంబంధాలు చూస్తున్నాం" అంటాడు నాయిన. "బోటనీ చదివి ఏం చేస్తావే?" అంటాం మేం. అన్నాక గాని తెలియదు, క్యాంపస్‌లో మాకు గుచ్చుకున్న ముల్లునే తెచ్చి దాని కాళ్ల కింద వేశామని. వాళ్లూ ప్రేమగానే అడిగారు. మేమూ ప్రేమగానే అడిగాం.

ఆ పిల్ల ఏమీ అనదు. పెరట్లో జామాకు తుంచి వెలుతురుకెత్తి ఈనెలు చూస్తూ కూచుంటుంది.

దాని దరఖాస్తు మీద నాయిన చేత సంతకం పెట్టించే పని మాది. ఆ పని చేసుకొచ్చాక క్యాంపస్‌లో తలెత్తి అడుగుతాం: మేం ఏం చదవాలో చెప్పటానికి మీరెవరు?