సాగరయానం – భోగమా? ఆరాధనమా?

శ్రీకూర్మక్షేత్రానికి సముద్రం దూరం కాదు. శ్వేతపుష్కరిణిలో స్నానమాచరించి శ్రీకూర్మనాథుని సేవించుకొన్న యాత్రికులలో పలువురు కళింగపట్నం తీరానికి వెళ్ళి, వంశధార సాగరంలో కలిసే చోటును చూచి ఆనందిస్తారు. అట్టివారిలో కొంత కలిగిన కుటుంబం ఒకటి, ఒక నావను తమకు మాత్రమే బాడుగకు మాట్లాడుకొని, ఉదయం మొదలు సాయంకాలం వరకు తీరం వెంబడి విహరించి రావాలని సంకల్పించిందని అనుకోవచ్చు. వెంటనే ఆ ఇంటిలోనే రెండు పక్షాలు బయలుదేరుతాయి. “తీర్థయాత్రకు వచ్చి విహారమేమిటి? ఆ ధనంతో స్వామికి ఒక కైంకర్యం చేయించరాదా?” అని పెద్దలు అంటారు. “కష్టపడి సంపాదించిన ధనం. సముద్రం అందరిదీ. ఒక్క దినం సంతోషంగా గడిపితే దోషమేమున్నది?” అని చిన్నవారు అంటారు.

ఈ రెండు మాటలలోనూ సత్యం ఉన్నది. రెండింటిలోనూ కొరత కూడా ఉన్నది. సంతోషం ధర్మానికి విరుద్ధమా? ధనమిచ్చి కొన్న సంతోషానికి హద్దు ఏది? గృహస్థుడైన ప్రతి భక్తునికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది.

ముందుగా పెద్దల సందేహాన్ని విచారించాలి. జలవిహారమే భక్తికి విరుద్ధమైతే దేవాలయాలలో తెప్పోత్సవమే ఉండేది కాదు. తిరుమలలో ఏటా ఫాల్గుణ పౌర్ణమితో ముగిసేటట్లుగా ఐదు దినాలు స్వామిపుష్కరిణిలో తెప్పోత్సవం జరుగుతుంది. మొదటి దినం సీతాలక్ష్మణ సమేతుడై శ్రీరామచంద్రుడు, రెండవ దినం రుక్మిణీ సమేతుడై శ్రీకృష్ణుడు, తక్కిన మూడు దినాలు ఉభయదేవేరులతో శ్రీమలయప్పస్వామి తెప్పపై విహరిస్తారు. సింహాచలంలో పుష్య అమావాస్యనాడు వరాహపుష్కరిణిలో ఇట్టి వేడుకయే జరుగుతుంది. స్వామియే నీటిపై విహరించి ఆనందిస్తూ ఉండగా, నావ ఎక్కినంతమాత్రాన గృహస్థుని తప్పుపట్టడం న్యాయం కాదు.

అయితే ఒక భేదాన్ని గమనించాలి. తెప్ప తిరిగేటప్పుడు పుష్కరిణి మెట్లపై ఊరంతా నిలిచి ఉంటుంది. స్వామి విహారం ఎవరినీ వెలుపల ఉంచదు. పేదవానికీ సంపన్నునికీ అదే దర్శనం, అదే హారతి. గృహస్థుడు బాడుగకు మాట్లాడుకొన్న నావ అట్లా కాదు. అది కొందరిని ఎక్కించుకొని, తక్కినవారిని తీరాన విడిచి బయలుదేరుతుంది. “ఈ దినం ఇది నాది” అనే తలపు పుట్టేది ఆ క్షణంలోనే. విచారించవలసినది నావను గురించి కాదు, ఆ తలపును గురించి.

ఆ నావలోనుండి కనబడే దృశ్యం సామాన్యమైనది కాదు. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్లు, విజయనగరం జిల్లాకు సుమారు 28 కిలోమీటర్లు సముద్రతీరం ఉన్నది. బారువ వద్ద మహేంద్రతనయ, కళింగపట్నం వద్ద వంశధార, శ్రీకాకుళం పట్టణాన్ని దాటివచ్చి నాగావళి, కోనాడ వద్ద చంపావతి సాగరంలో లీనమవుతాయి. ఉద్దానపు కొబ్బరితోటలు, సరుగుడు తోపులు, తాటివనాలు, ఇసుకతిన్నెలు, కళింగపట్నంలోనూ చింతపల్లిలోనూ నిలిచిన దీపస్తంభాలు ఈ తీరానికి అలంకారాలు. నావ కొంతదూరం లోపలికి వెళ్ళగానే ఇవన్నీ ఒకే పచ్చని రేఖగా కనబడతాయి. ఏ తోట ఎవరిదో, ఏ పొలానికి గట్టు ఎక్కడో అక్కడినుండి తెలియదు.

ఇట్టి సౌందర్యాన్ని చూచి కన్నులు మూసుకొనుమని వైష్ణవ సంప్రదాయం ఏనాడూ చెప్పలేదు. భగవద్రామానుజులు (క్రీ.శ. 1017–1137) ఉపదేశించిన సిద్ధాంతంలో జగత్తు మిథ్య కాదు. చేతనాచేతనాలన్నీ భగవంతునికి శరీరం. ఆయన వాటికి ఆత్మ. సముద్రపు నీలిమను చూచి ఆళ్వార్లు స్వామి దివ్యమంగళ విగ్రహాన్ని స్మరించి కరగిపోయారు. కనుక ఆనందం దోషం కాదు. ఆ ఆనందానికి శేషి ఎవరో మరచిపోవడమే దోషం. శరీరం ఆత్మకొరకు ఉన్నట్లుగా, సముద్రమూ, దానిని చూచే జీవుడూ కూడా శ్రియఃపతి కొరకే ఉన్నారు.

ప్రసాదమే ఇందుకు తార్కాణం. చక్కెరపొంగలి తియ్యగా లేదని ఏ భక్తుడూ నటించడు. స్వామికి నివేదించి, పదిమందికి పంచి, తన వంతును కన్నుల కద్దుకొని భుజిస్తాడు. నివేదన లేకుండా, పంచకుండా, వంటయింటిలో దాగి తిన్నప్పుడు కూడా రుచి అదే. కాని ఆ తిండికి పేరు వేరు. దేవతలు ఇచ్చినదానిని అనుభవించి తిరిగి ఏమీ సమర్పించనివానిని భగవానుడు గీతలో మూడవ అధ్యాయంలో దొంగగా పరిగణించాడు. చిన్నవారి వాదంలోని కొరత ఇక్కడ తేటపడుతుంది. సముద్రం అందరిదీ అనే మాట నిజమే. కాని ఆ మాటను “కాబట్టి ఈ దినం నాది” అని ముగించడం తగదు. “కాబట్టి నా ఒక్కనిది కాదు” అని ముగించాలి.

బాడుగ ఇచ్చి కొనేది ఏమిటో లెక్క చూచుకొంటే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ధనం నావను కొన్ని గంటలపాటు తెచ్చిపెడుతుంది. నావికుని శ్రమను తెచ్చిపెడుతుంది. ఇంజనుకు కావలసిన చమురును తెచ్చిపెడుతుంది. అలను, గాలిని, ఉదయభానుని, చేపల గుంపును ఏ ధనమూ కొనలేదు. లౌకిక న్యాయం కూడా ఇదే చెబుతున్నది. నదులు, సముద్రతీరాలు, అడవులు మొదలైన వాటికి ప్రభుత్వం యజమాని కాదనీ, ప్రజలందరి పక్షాన వాటిని కాపాడే ధర్మకర్త మాత్రమేననీ సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఒక తీర్పులో ప్రకటించింది. ఆలయ ధర్మకర్త దేవుని మాన్యానికి యజమాని కాడని ఎరిగిన భక్తులకు ఈ న్యాయం కొత్తది కాదు. ప్రభుత్వమే ధర్మకర్త అయినప్పుడు, ఒక్క దినం నావ మాట్లాడుకొన్నవాడు యజమాని ఎట్లా అవుతాడు?

ఈ ధర్మకర్తృత్వానికి శ్రీకూర్మక్షేత్రంలోనే ఒక మహనీయుని ఉదాహరణ ఉన్నది. శ్రీమధ్వాచార్యుల శిష్యులైన శ్రీనరహరితీర్థులు అక్కడ యోగానంద నృసింహుని ప్రతిష్ఠించినట్లు క్రీ.శ. 1281 నాటి శాసనం తెలుపుతున్నది. కళింగదేశ పాలనభారాన్ని కొంతకాలం ఆయన వహించారనీ, ఆ పదవి విడిచేటప్పుడు గురువు ఆజ్ఞానుసారం మూలరామ సీతా విగ్రహాలను తప్ప రాజభాండాగారంనుండి మరేమీ కోరలేదనీ మాధ్వ సంప్రదాయం చెబుతున్నది. దేశమే చేతిలో ఉన్నా అది తనదని ఆయన అనుకోలేదు.

ఇక నావను నడిపేవానిని గురించి ఆలోచించాలి. ఈ తీరంలో అలల తాకిడి ఎక్కువ. అందుచేతనే పూర్వం ఇక్కడ ఇనుపమేకులు లేకుండా, కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలను కుట్టి మసూలా పడవలు కట్టేవారు. బిగుసుకొని నిలిచే పడవను అల పగులగొడుతుంది. కొంచెం ఒదిగే పడవను ఒడ్డుకు చేరుస్తుంది. ఆ పనితనం తరతరాలుగా జాలరులకు అబ్బిన విద్య. నేడు ఫైబరు పడవలు, ఇంజనులు వచ్చినా, గాలి వాసనను, నీటి రంగును చూచి తుఫాను రాకను ఊహించే విద్య మాత్రం వారివద్దనే ఉన్నది.

ప్రొద్దు వాలకముందే ఆ నావికుడు “బాబూ, గాలి తిరిగింది. ఇంక లోపలికి వద్దు” అని హెచ్చరించినప్పుడు గృహస్థుడు ఏమి చేస్తాడు? “డబ్బు దినమంతటికీ ఇచ్చాము కదా, ఇంకొంచెం పోనీయి” అంటాడా? లేక తల వంచి వినుతాడా? అతని సాగరయానం భోగమో ఆరాధనమో తేలేది ఆ ఒక్క సమాధానంలో. 2017 నవంబరు 12న, కార్తికమాసపు ఆదివారంనాడు, విజయవాడ సమీపంలో పవిత్రసంగమానికి బయలుదేరిన ఒక ప్రైవేటు పడవ కృష్ణానదిలో బోల్తాపడి ఇరవైమందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పడవ గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగి దాదాపు 50 మంది ప్రాణాలు కోల్పోయారు. నీటిపై ధనానికి ఆజ్ఞాపించే అధికారం లేదు. జీవాలను పణంగా పెట్టి పొందే ఆనందం ఏ దేవునికీ నివేదించదగినది కాదు.

కూలి ఇచ్చాము గనుక ఋణం తీరిందని కొందరు అనుకోవచ్చు. కూలి పూర్తిగా, సకాలంలో, బేరమాడి తగ్గించకుండా ఇవ్వడం న్యాయం. కాని అతని బ్రదుకును ఎరగడం ధర్మం. ఆంధ్రప్రదేశ్ తీరంలో ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినాలు, చేపలు గుడ్లుపెట్టే కాలంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. సముద్రం నిండుగా ఉండాలని జాలరి పట్టే వ్రతం వంటిది అది. ఆ దినాలలో ఇంటి పొయ్యి మాత్రం వ్రతం పట్టదు. సొంత తీరంలో బ్రదుకు సాగక, ఉత్తరాంధ్ర జాలరులు అనేకులు గుజరాత్ తీరానికి కూలికి పోతారు. అట్లా పోయినవారిలో కొందరు 2018 నవంబరులో సముద్రసరిహద్దు వద్ద పాకిస్తాన్ అధికారులకు చిక్కి, ఏడాదికి పైగా చెరలో మగ్గారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుటుంబాలు ఎదురుచూస్తూ ఉండగా, 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దులో విడుదలైనారు. యాత్రికునికి ఒక దినపు వేడుకగా కనబడే సముద్రం ఈ ఇండ్లకు అన్నం, ఒక్కొక్కప్పుడు కన్నీరు.

నావ క్రింద మరికొన్ని ప్రాణాలు కూడా ఉన్నాయి. శీతకాలం చివర, ముఖ్యంగా జనవరి మొదలు మార్చి వరకు, ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు ఈ తీరానికి వస్తాయి. ఉత్తరాన గంజాం జిల్లాలో ఋషికుల్యానది ముఖద్వారం వద్ద అవి లక్షల సంఖ్యలో చేరడం కలదు. ఆడతాబేలు రాత్రివేళ ఇసుకపైకి ప్రాకివచ్చి, గుంట త్రవ్వి, సుమారు వంద గుడ్లుపెట్టి, కప్పి, మరల సముద్రంలోకి వెళ్ళిపోతుంది. 45 నుండి 60 దినాలలో పిల్లలు వెలువడి వెలుగును బట్టి నీటివైపు సాగుతాయి. తీరాన అనవసరంగా వెలిగించిన దీపాలు వాటికి దారి తప్పిస్తాయి. తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసించే ప్రాణి. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. వేగంగా పోయే పడవ రెక్కలు దాని వీపును చీలుస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటికి అత్యున్నతమైన రక్షణ కల్పించింది. కూర్మనాథుని సేవించి వచ్చిన భక్తునికి చట్టం గుర్తుచేయవలసిన అవసరం ఉండకూడదు.

ఈ ప్రశ్నకు సమాధానం శ్రీకూర్మంలోనే ఉన్నది. క్షీరసాగర మథన సమయంలో దేవతలూ అసురులూ వాసుకి కొనలను పట్టుకొని పైన ఉన్నారు. వెలువడిన రత్నాలను పంచుకోవడానికి అందరూ చేతులు చాచారు. మందరగిరి మునిగిపోతున్నప్పుడు మాత్రం దాని క్రింద వీపు ఒగ్గినవాడు శ్రీమన్నారాయణుడు ఒక్కడే. అమృతాన్ని ఆశించినవారు పైన. భారాన్ని వహించినవాడు క్రింద, ఎవరి కంటికీ కనబడకుండా. సర్వానికీ శేషి అయినవాడే సర్వభారాన్నీ మోయడం అవతార రహస్యం. లోకంలోని ప్రతి సుఖానికీ అడుగున ఇట్లా ఒక వీపు ఉంటుంది. నావపై కూర్చున్న కుటుంబాన్ని మోస్తున్నది నావికుని అప్రమత్తత, జాలరి కులాల విద్య, సముద్రపు సహనం. వీటన్నింటికీ అడుగున భగవంతుని ఆధారశక్తి. ఆ వీపును మరచి అనుభవిస్తే అది భోగం. స్మరించి అనుభవిస్తే అదే ఆరాధనం. నావ అదే, నీరు అదే, బాడుగ కూడా అదే.

కనుక నావ ఎక్కదలచిన గృహస్థుడు ఎక్కవచ్చు. బయలుదేరేముందు సముద్రునికి నమస్కరించి స్వామిని స్మరించాలి. ప్రాణరక్షక కవచాలు అందరికీ ఉన్నవో లేవో చూచుకోవాలి. తీసుకొనివెళ్ళిన ప్రసాదంలో మొదటి వంతును నావికునికి ఇవ్వాలి. అతడు మరలుదామన్నప్పుడు మారుమాట లేకుండా మరలాలి. తాబేలు కనబడితే వేగం తగ్గించి దారి ఇవ్వాలి. ఒక్క కాగితం ముక్క, ఒక్క ప్లాస్టిక్ సంచి కూడా నీటిలో విడువరాదు. కొంతసేపైనా మాటలు మాని, అలల చప్పుడును వినుతూ అష్టాక్షరిని జపించాలి. ఒడ్డుకు చేరిన తరువాత, తమ వేడుకకు అయిన వ్యయంలో ఒక భాగాన్ని ఆ తీరంలోని బిడ్డల చదువుకో, వైద్యానికో సమర్పించగలిగితే, పెద్దలు కోరిన కైంకర్యమూ చిన్నవారు కోరిన సంతోషమూ ఒక్కటే అవుతాయి.

అదృశ్యంగా అడుగున నిలిచి సర్వలోకాలనూ మోసే శ్రీకూర్మనాథుడు, మోసేవారిని గుర్తించే వివేకాన్ని భక్తులందరికీ అనుగ్రహించుగాక!