అతుకు కనపడకపోతే

అతుకు కనపడకుండా గోడని బాగుచేయడం అబద్ధం కిందకి వస్తుందా? ప్రశ్న కాస్త అతిగా అనిపించొచ్చు. ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు మాత్రం అంత అతిగా అనిపించదు.

మండపేటలో మా బాబాయి వాళ్ళింటి హాల్లో, గోడ పొడవునా నడుమెత్తున కొట్టిన చెక్క పట్టీలు ఈమధ్య పీకించారు. పాత ఫ్యాషను, కొనేవాళ్ళకి నచ్చదని. పట్టీలతో పాటు పెచ్చులూ ఊడొచ్చాయి. మేకుల బొక్కలు, పాత రంగు చార, దాని కింద చెమ్మ. డెల్టాలో నీళ్ళు నేలకి దగ్గర్లోనే ఉంటాయి. తేమ పునాదిలోంచి గోడలోకి పాకి, ఆరే చోట ఉప్పు తేలి, గచ్చుని పొడి చేస్తుంది. ఆ పట్టీలు అందానికి కొట్టించారో, దీన్ని కప్పడానికో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

గరుకు టెక్స్చర్ ఉన్న గోడని పాతదానితో కలపడం తేలిక కాదు. గుంటలు పూడ్చి, లప్పం అంచుల్ని పల్చగా లాగాలి. ముందు ఓ ప్లైవుడ్ ముక్క మీద రోలర్ తిప్పి అదే గరుకు వస్తోందో లేదో చూసుకోవాలి. పాత గరుకు మొనలు పూత మీద పూత పడి మొద్దుబారి ఉంటాయి కాబట్టి, కొత్తదాన్ని తడి ఆరకముందే కాస్త అణచాలి. ప్రైమర్ వేయకపోతే లప్పం రంగుని పీల్చేసుకుని మచ్చలా తేలుతుంది. అతుకు వరకే రంగేస్తే కిటికీ వెలుగు ఏటవాలుగా పడగానే దొరికిపోతుంది. మూల నుంచి మూలకి గోడంతా వేయాల్సిందే. ఇది తెలిసిన మేస్త్రీ చేసేది మోసం అనలేం. అది పనితనం.

పాత చిత్రాలు బాగుచేసేవాళ్ళకి ఈ చిక్కు ఎప్పట్నుంచో ఉంది. 1940ల్లో రోమ్‌లో చెజారే బ్రాండీ బృందం, బొమ్మలో పోయిన చోటుని సన్నటి నిలువు గీతలతో నింపే పద్ధతి తెచ్చింది. దూరం నుంచి బొమ్మ నిండుగా ఉంటుంది, దగ్గరికెళ్తే గీతలు కనిపిస్తాయి. 1964 వెనిస్ చార్టర్ కూడా కొత్త ముక్క మొత్తంతో కలిసిపోవాలి, అయినా అసలుదని పొరబడేలా ఉండకూడదు అంటుంది. గుడి గోడకి ఆ నియమం సబబే, అది చరిత్రకి సాక్ష్యం. హాలు గోడకి అంత బరువు అక్కర్లేదు. ఉండేవాళ్ళ కంటికి నిండుగా ఉంటే చాలు.

కొనేవాడు వచ్చేసరికి లెక్క మారుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడికి తెలియని, మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తనకి తెలిస్తే అమ్మేవాడు చెప్పాలి. ఆ 'మామూలు జాగ్రత్త' దగ్గరే నేను ఆగాను. చెమ్మ పైకి కనిపిస్తుంటే కొనేవాడే చూసుకుంటాడు. మేస్త్రీ ఎంత బాగా కలిపితే ఆ చూపు అంత పనికిరాకుండా పోతుంది. అంటే అతుకు ఎంత బాగా కుదిరితే, నోరు విప్పాల్సిన బాధ్యత అంత పెరుగుతుంది.

"పాత ఇల్లన్నాక చెమ్మ ఉండదేంట్రా, అడిగితే చెప్దాం" అంటాడు బాబాయి. అడగాలంటే అనుమానం రావాలి కదా! అనుమానానికి ఉన్న ఒక్క ఆనవాలునీ మనమే కూలిచ్చి చెరిపించాం.

సాఫ్ట్‌వేర్‌లో కోడ్ సరిచేస్తే, ఏం మార్చామో, ఎందుకు మార్చామో కమిట్ మెసేజ్‌లో రాస్తాం. కోడ్‌లో అతుకు తెలియకపోతేనే మంచిది, దాని చరిత్ర మాత్రం పక్కనే ఉంటుంది. గోడకి అలాంటి చిట్టా లేదు. ఇంటివాళ్ళు చెప్తేనే ఉన్నట్టు. చెప్తే ధర కాస్త తగ్గుతుంది, నిజమే. తగ్గేది చెమ్మ ఖరీదు. అది మొదట్నుంచీ మనం మోయాల్సిందే.